కకుద్మి కాలయంత్రం ఎక్కలేదు



రైవత కకుద్మి వృత్తాంతమే ప్రపంచంలో మొట్టమొదటి టైమ్ మెషీన్ అని కొందరు ఉపన్యాసకులు ప్రచారం చేస్తున్నారు. పటమటలో సాయంకాల హారతి అనంతరం విద్యార్థులు నన్ను దీనినే ప్రశ్నిస్తున్నారు. పురాణాన్ని కీర్తిస్తున్నామనుకొని పురాణానికి అపచారం చేయడమే ఇది.

భాగవత నవమస్కంధాన్ని సావధానంగా పరిశీలించండి. కుమార్తె రేవతికి తగిన వరుని అడుగుటకై కకుద్మి బ్రహ్మలోకానికి వెళ్ళాడు. గంధర్వగానం ముగిసేవరకు క్షణకాలం నిరీక్షించాడు. ఈలోగా భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచాయి. ఆయన మనస్సులో తలచిన వరులు గాని, వారి వంశీయులు గాని మిగలలేదు. అప్పుడు చతుర్ముఖుడు ఆయనను గతకాలానికి పంపాడా? లేదు. అప్పటికి భూమిపై అవతరించి ఉన్న బలరామునికి కన్యను ఇమ్మన్నాడు. సృష్టికర్త చేయని పనిని కథకు అంటగట్టడం ఏమి న్యాయం?

1991లో వచ్చిన 'ఆదిత్య 369' చలనచిత్రంలో నాయకుడు కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల కాలానికి చేరుతాడు. వినోదంగా రమ్యమే, విచారణకు నిలువదు. అరవై కిలోల మనిషి అట్లా వెళితే నేటి జగత్తులో అంత ద్రవ్యం లోపిస్తుంది, రాయల నాటి జగత్తులో అంత అధికమవుతుంది. పైగా అతని దేహంలోని పరమాణువులు ఆనాడే కృష్ణాజలంలోనో, పొలం మట్టిలోనో ఉండి ఉండాలి. ఒకే పరమాణువు ఒకే క్షణంలో రెండుచోట్ల ఎట్లా ఉంటుంది? 1789లో లేవోయిజర్ ద్రవ్యనిత్యత్వాన్ని చాటాడు. 1905లో ఐన్‌స్టీన్ ద్రవ్యాన్ని, శక్తిని కలిపి లెక్కించాలన్నాడే గాని, లేనిది పుడుతుందనలేదు. అసత్తు నుండి సత్తు ఎట్లా జనిస్తుందని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువును అడిగిన ప్రశ్న తత్త్వవిషయకం, పదార్థశాస్త్రం కాదు. అయినా ఆ ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది.

"సాపేక్షసిద్ధాంతం కాలభేదాన్ని అంగీకరిస్తుంది కదా?" అంటారు. నిజమే. అతివేగంగా పయనించేవాని గడియారం మందగిస్తుంది. కాని అతడు ఏ క్షణంలోనూ ఉనికి కోల్పోడు, ముందుకే సాగుతాడు. కకుద్మి కూడా అంతే. ఈ పోలిక సంతోషకరమే. పోలిక ప్రమాణం కాదు.

ఇంత వాదం ఎందుకు? జరిగినదాన్ని చెరిపివేయవచ్చుననే ఆశ సాధకునికి ప్రమాదకరం. వేళ దాటిన సంధ్యకు మనం గతంలోకి వెళ్ళము; ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇచ్చి ఇప్పుడే ఉపాసిస్తాము. ప్రతిదినం సంకల్పంలో నేటి తిథినే చెబుతాము, నిన్నటిది కాదు. తల్లి మనస్సు నొప్పించినవాడు కాలయంత్రానికై ఎదురుచూడనక్కరలేదు. ఈ సాయంత్రమే వెళ్ళి ఆమె పాదాలకు నమస్కరించాలి. గతం మారదు గనుకనే ప్రాయశ్చిత్తానికి అర్థముంది.

స్వస్తి.