బంకు మూశారు, మరి నీళ్లు?

మా వీధి చివర పాత పెట్రోల్ బంకు తీసేసి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. బోరు కూడా వేశారు. నీళ్లు టెస్ట్ చేయించారా అని అడిగితే, "ట్యాంకులు తీసేశాం కదా బాబూ" అన్నారు.

ట్యాంకు తీస్తే, లీకైన పెట్రోలు పోతుందా? హవాయిలోని రెడ్‌హిల్‌లో 2021లో అమెరికా నేవీ ఇంధనం లీకై కుళాయి నీళ్లలో కలిసింది. ట్యాంకులు ఖాళీ చేశాక కూడా అక్కడ భూగర్భజలాన్ని పరీక్షిస్తూనే ఉన్నారు. నీటిమట్టం వానలకు పెరిగి ఎండలకు తగ్గుతుంటుంది. మట్టికి పట్టిన పెట్రోలు అలా మళ్లీ మళ్లీ నీళ్లలో కలుస్తుంది. అందులోని బెంజీన్ క్యాన్సర్ కారకం.

ల్యాబ్‌లో ప్రోగ్రాం ఒక్కసారి రన్ అయితే చాలు, మనం సబ్మిట్ చేసేస్తాం. నీళ్ల దగ్గర అది కుదరదు. పాత బంకు స్థలాల్లో కొన్నేళ్లపాటు, ప్రతి సీజన్‌లో నీటి పరీక్ష తప్పనిసరి చేయాలి. ఫ్లాట్ కొనేవాళ్లు ముందు ఆ రిపోర్టు అడగాలి.