కరువుపని కూలికి కులం గడి

2020 మేలో బెంగుళూరు నుంచి మా గిద్దలూరు వైపు పల్లెలకు జనం తిరిగొస్తుంటే, కేంద్రం 20 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో చాలా భాగం అప్పులు, అప్పులకు హామీలు. మా మాదిగపల్లెకు పూచీ లేకుండా అప్పిచ్చే బ్యాంకు ఏది? ఆ ఏప్రిల్–జూన్‌లో దేశ జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. మార్కాపురంలో పలకల పనీ ఆగింది. అమ్మ చేతికి నాలుగు రూపాయలు తెచ్చింది కరువుపనే. (ఉపాధి హామీ అని మా దగ్గర ఎవరూ అనరు.)

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఆ ఏడాది ఈ పథకానికి అదనంగా 40 వేల కోట్లు ఇచ్చారు, సవరించిన అంచనా 1,11,500 కోట్లకు చేరింది. మాంద్యంలో ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని మీ ఎకనామిక్స్ పుస్తకాల్లో చదివే ఉంటారు. అమ్మ కూలి మూడో రోజుకల్లా కిరాణా కొట్లో ఉండేది. పెద్ద కంపెనీకిచ్చిన రాయితీ అంత తొందరగా బజారుకొస్తుందా?

మరుసటి బడ్జెట్‌లో 73 వేల కోట్లే. పైగా 2021లో కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా చీల్చారు. ఎస్సీల పద్దు లెక్క తేలడానికట! ఒకే గుంత తవ్వినవాళ్లకు చాలాచోట్ల వేర్వేరు రోజుల్లో డబ్బు పడింది. గొడవయ్యాక అదే ఏడాది ఆ పద్ధతి మానుకున్నారు. ఈలోపు అమ్మ వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఆగలేదు.