ఒడ్డు కనబడుతూనే ఉన్నది



ఈ మధ్య ఒక మిత్రుని ఇంట కూర్చున్నప్పుడు 2020 నాటి ముచ్చట్లు వచ్చాయి. కరోనా కాలంలో కొందరు విదేశీయులు తెరచాప పడవలలో, ఉష్ణమండల దీవుల చెంత లంగరు వేసుకుని నెలల తరబడి గడిపారని ఆయన ఎక్కడో చదివారట. "ఎంత అదృష్టవంతులండీ! చుట్టూ నీలి సముద్రం, ఎదుట కొబ్బరిచెట్లు, జనమూ లేరు, జబ్బూ లేదు" అని మురిసిపోయారు. నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. అలాంటి మాటే ఆ రోజుల్లో నేనూ ఒకరితో అన్నాను. అని సిగ్గుపడ్డాను. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ టపా.

మా తునికి సముద్రం దూరం కాదు. ఊరి పక్కన పారే తాండవ నది పెంటకోట వద్ద కడలిలో కలుస్తుంది. తీరగ్రామాల పిల్లలు నా తరగతిలో వెనుక బల్లల మీద కూర్చునేవారు. అంబుధి, జలధి, పారావారము, రత్నాకరము అంటూ ముప్పై ఏళ్ళకు పైగా పర్యాయపదాలు వల్లె వేయించాను. రాత్రి వేటకు వెళ్ళిన మీ నాన్న తిరిగి వచ్చాడా అని ఆ పిల్లలలో ఒక్కరినైనా అడిగిన గుర్తు లేదు.

వారిలో ఒకడు 2020 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని వేరావల్ నుండి ఫోన్ చేశాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుండి వేలాది మత్స్యకారులు ఏటా అక్కడి మరబోట్ల మీద కళాసీలుగా, తండేళ్ళుగా పనికి పోతారని చాలామందికి తెలియదు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే సుమారు 193 కిలోమీటర్ల తీరమున్నది. అయినా పెద్ద బోట్లు నిలిచే రేవులు లేక, ఇంటి ముందరి సముద్రాన్ని విడిచి దేశానికి ఆ చివరనున్న సముద్రం మీద కూలికి పోవలసి వస్తున్నది. వర్షాకాలపు వేటనిషేధం తీరగానే వెళ్ళి, వేసవిలో తిరిగి వస్తారు. ఆ ఏడు సరిగ్గా ఇళ్ళకు రావలసిన రోజులు దగ్గర పడుతుండగా, మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. రైళ్ళు లేవు, బస్సులు లేవు. వేట నుండి రేవుకు చేరిన బోట్లే వారికి ఇళ్ళయ్యాయి.

వాడు బోటులోనే ఉన్నానని చెప్పగానే నేను, "మంచిదేరా, జనంలోకి రాకు. నీళ్ళ మీద ఉన్నావు, నీకంటే క్షేమంగా ఎవరున్నారు?" అన్నాను. కాసేపు అవతల మాట లేదు. తరువాత నెమ్మదిగా, "మాస్టారండీ, తొమ్మండుగురం ఒక్క బోటులో పడుకుంటన్నాం. పక్క బోటోళ్ళు మా బోటు మీంచే నడిచెళ్తన్నారు. దూరం ఎక్కడుందండీ? ఒడ్డు కనబడతానే ఉంది, దిగి ఎక్కడికెళ్ళాలండీ?" అన్నాడు.

పుస్తకం పట్టుకుని సముద్రాన్ని చూసినవాడికి నీళ్ళు కనబడ్డాయి. పడవలో మనుషులున్నారన్నది తట్టలేదు.

ఏకాంతమూ, నిర్బంధమూ బయటనుండి చూచేవారికి ఒకేలా కనిపిస్తాయి. పడవ అదే, నీరు అదే. తేడా తెలియాలంటే ఒకే ప్రశ్న వేయాలి: దిగాలనుకుంటే దిగగలడా? పసిఫిక్‌లోనూ, కరీబియన్‌లోనూ దీవులు రేవులు మూసినప్పుడు సొంత పడవల యజమానులు సైతం ఆ ప్రశ్నకు తల్లడిల్లారు. తమంతట తాము కోరుకున్న ఏకాంతం, తలుపు మూయగానే బరువెక్కింది. ఇక కోరుకోనివారి మాట ఏమి చెప్పాలి? 2020 చివరినాటికి ఒప్పంద కాలం ముగిసినా ఓడ దిగలేకపోయిన నావికులు సుమారు 4 లక్షల మంది అని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ అంచనా వేసింది.

ఇది కొత్త విషయమూ కాదు. క్వారంటైన్ అనే మాట పుట్టిందే ఓడల వల్ల. ప్లేగు కాలంలో వెనిస్ వంటి రేవు పట్టణాలు ఓడలను నలభై దినాలు ఆపేవి. నలభైకి ఇటలీ భాషలో ఉన్న మాటనుండే ఈ పదం వచ్చింది. రగూసా నగరం 1377లోనే, ప్లేగు ఉన్న చోట్ల నుండి వచ్చినవారు ముప్పై దినాలు వేరుగా ఉండాలని శాసించింది. నగరాలు తమను కాపాడుకున్నాయి, అది తప్పనను. ఓడలోని వాడికి ఆ నలభై దినాలూ తిండీ నీరూ ఎవరు పెట్టారన్నదే నా ప్రశ్న.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకున్నాక ఏప్రిల్ నెలాఖరున వేరావల్ నుండి బస్సులు కదిలాయి. నాలుగు వేలకు పైగా మనవాళ్ళు ఇళ్ళ దారి పట్టారు. ప్రభుత్వాలు చేసినదానిని మెచ్చుకోవలసిందే. కాని నెల రోజుల పాటు వారు బోట్లలో మగ్గిన తరువాతనే కదా! మా వాడిని ఊరికి తెచ్చి ఒక బడిలో ఉంచారు. అక్కడినుండి మళ్ళీ ఫోన్ చేసి, "వెనక బెంచీ కాదండి మాస్టారూ, ఈసారి గదంతా మాదే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వేరావల్ నుండి వేటకు వెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. వారి కథ 2025లో 'తండేల్' సినిమాకు ఆధారమైంది కనుక నలుగురికీ తెలిసింది. చెర నుండి వచ్చినవారు ఇల్లు చేరిన మూడు నెలలకే వారి తోటివారు వేలమంది చెర లేని చెరలో పడ్డారు. వారి మీద కథ లేదు, సినిమా లేదు. శత్రువు లేని కథను ఎవరు చెబుతారు?

నా అభిప్రాయం ఇంతే. వచ్చే ఉపద్రవంలో మొదటి రోజునే అడగవలసిన ప్రశ్న, ఇళ్ళలో ఎవరున్నారన్నది కాదు, ఇల్లు చేరనివారు ఎవరు, ఎక్కడ ఉన్నారన్నది. అందుకు వలస వెళ్ళినవారి పేర్లు ఊరి పుస్తకంలో ముందే ఉండాలి. రేవులు ఇక్కడే ఉంటే ఆ పుస్తకమే పలుచనవుతుంది.

మిత్రులలో ఎవరి ఊళ్ళలోనైనా ఆ నాటి బోట్లలో ఉన్నవారుంటే, వారి మాటలను వారి యాసలోనే వ్రాసి పెట్టండి. దిద్దవద్దు. దిద్దే అలవాటున్న నావంటివాడు చెబుతున్న మాట ఇది.