మరమ్మతు అంటే మూసెయ్యడం కాదు

కారుతున్న ట్యాంకు మీద ఎం-సీల్ ముద్ద ఒకటి అద్ది, చేతులు దులుపుకుని "హోగయా భాయ్" అంటారు. మనం పైసలిచ్చి పంపిస్తాం. దాన్ని మరమ్మతు అంటాం. నేనంటున్నా, అది మరమ్మతు కాదు, పర్దా. పర్దా వేస్తే చిల్లు పోదు, కనపడకుండా పోతుంది. అదీ కొన్ని గంటలే.

ఈ మాట ఇప్పుడే రాయడానికి వజా ఉంది. సఫర్‌ల మౌసమ్ ఇది. అజ్మీర్‌లో ఖ్వాజా గరీబ్ నవాజ్ ఉర్సు రజబ్ నెల మొదటి రోజుల్లో జరుగుతుంది. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండర్ కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి ఉర్సు ఏటా వెనక్కి జరుగుతూ జరుగుతూ ఇప్పుడు నడి చలికాలంలో పడింది. 2025లోనైతే జనవరిలో ఒక ఉర్సు, డిసెంబర్‌లో ఇంకో ఉర్సు. లాలాపేట్, మౌలాలి, నాచారం గల్లీల్లో మినీ బస్సులకు కర్టెన్లు మారుతున్నాయి, పైన క్యారియర్లు బిగుస్తున్నాయి, వెనక నీళ్ల ట్యాంకులు ఎక్కుతున్నాయి.

మా ఖాందాన్‌కూ అలాంటి బండి ఒకటి ఉంది. సినిమా హీరోల కారవాన్ అనుకునేరు. మా చాచా కొడుకు పాత మినీ బస్సు కొని, వెనక రెండు వరసల సీట్లు పీకించి, ఒక మూల మనిషి నిలబడేంత గుసల్‌ఖానా, దాని పక్కన 200 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, చిన్న పంపు పెట్టించాడు. 14 మందిమి. అందులో డెబ్బై దాటిన మా అమ్మీ, మోకాళ్లు పట్టేసిన ఖాలా, చంకలో పిల్లతో మా చెల్లి. బయల్దేరడానికి పది రోజుల ముందు ట్యాంకు కింద ప్లైవుడ్ తడిసి ఉబ్బింది. బండి తుడుద్దామని ఎక్కిన పిల్లాడు చూసి చెప్పాడు.

ఇంట్లో ఫత్వాలు మొదలయ్యాయి. "ఎంత కారుతుంది భయ్యా, చుక్కలే కదా." "రస్తాలో ఎక్కడైనా నింపుకుందాం." "ఎం-సీల్ పెట్టించు, చల్తా హై."

చుక్కలే కదా అన్నారు గనక చుక్కల హిసాబ్ చేద్దాం. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక్క చుక్క పడితే రోజుకు నాలుగు లీటర్ల పైనే. ఇది బండి నిలబడి ఉన్నప్పటి మాట. నడిచే బండిలో నీళ్లు నిలబడవు. బ్రేకు వేస్తే ముందుకు, ఎక్సలేటర్ తొక్కితే వెనక్కి కొడతాయి. 200 లీటర్లంటే 200 కిలోలు. అంత బరువు గుంతగుంతకూ ఎగిరి పగులు మీద పడుతుంటే చుక్క దారమవుతుంది, దారం ధార అవుతుంది. నిమిషానికి ఒక గ్లాసు, అంటే పావు లీటరు కారినా గంటకు 15 లీటర్లు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ 500 కిలోమీటర్లు. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా మినీ బస్సుకు పది గంటలు వేసుకోండి. 150 లీటర్లు రోడ్డు తాగేస్తుంది. నాగ్‌పూర్ చేరేసరికి ట్యాంకులో 50 లీటర్లు, సగం సఫర్ కూడా కాలేదు.

150 లీటర్లంటే ఎంతో దీన్‌దార్లకు దీన్ లెక్కలోనే చెప్తా. రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీళ్లతో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్‌ను మన కొలతలో లెక్కకు ఒక లీటరు అనుకుందాం. 14 మంది రోజుకు ఐదు వజూలు చేసినా 70 లీటర్లు. అంటే చుక్కలే కదా అని వదిలేసిన ఆ నీళ్లు మొత్తం ఖాందాన్‌కు రెండు రోజుల వజూ. దీనికి ఇస్రాఫ్ అని కాక ఇంకే పేరు పెడతారు? ఒకాయన నవ్వుతూ, "నీళ్లు అయిపోతే తయమ్ముమ్ ఉంది కదా" అన్నాడు. తయమ్ముమ్ నీళ్లు దొరకనివాళ్లకు ఇచ్చిన సహూలత్. ఉన్న నీళ్లను కార్చుకున్నవాళ్లకు ఇచ్చిన డిస్కౌంట్ కాదు.

ఇంకో సంగతి ఉంది. దాని గురించి మగాళ్లు మాట్లాడరు. ట్యాంకు ఖాళీ అయితే మాకేం కాదు. చెట్టు చాటు ఉంది, పెట్రోల్ బంకు గోడ ఉంది. ఔరతులు ఏం చేస్తారు? నీళ్లు తాగడం మానేస్తారు. ప్రయాణానికి ముందు రాత్రి నుంచే దాహం చంపుకునే ఆడవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారు, అడిగి చూడండి. గంటల తరబడి ఆపుకుంటారు. ఇంటికొచ్చాక మూత్రంలో మంట, జ్వరం, యాంటీబయాటిక్స్. షుగర్ ఉన్న పెద్దామెకైతే ఆ తకలీఫ్ ఇంకా ఎక్కువ. "చల్తా హై" అన్న మాట మగాడి నోట్లోంచి వస్తుంది, దాని ఖర్చు ఆడదాని ఒంట్లోంచి పోతుంది. అందుకే కారే ట్యాంకు నాకు చిన్న విషయంగా కనపడదు.

ఇప్పుడు ఎం-సీల్ దగ్గరికొద్దాం. దాని మీద నాకు దుష్మనీ లేదు. ఇనుప పైపు మీద పెట్టండి, రాయిలా పట్టుకుంటుంది. కానీ మన నీళ్ల ట్యాంకులు పాలిథీన్‌వి. పాలిథీన్ ఒళ్లు జారుడు. జిగురు దాని మీద పరుచుకోదు, పట్టు దొరకదు. పైగా ట్యాంకు నీళ్ల బరువుకు ఉబ్బుతుంది, తగ్గుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఎండిన ముద్ద మాత్రం వంగదు. ఒకటి కదులుతుంటే ఇంకొకటి కదలకపోతే ఆ జంట ఎన్నాళ్లు కలిసుంటుంది? అంచు లేస్తుంది. ఆ సందులోంచి నీళ్లు మళ్లీ వస్తాయి. ఇది మిస్త్రీ నసీబ్ కాదు, ఆ సామాన్ల స్వభావం.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక చిన్న షెడ్డులో ఒక ఉస్తాద్ దొరికాడు. ఆయన చేసిన మొదటి పని ఏమీ చెయ్యకపోవడం. ట్యాంకు ఖాళీ చేయించి, గుడ్డతో తుడిచి, కింద పాత అఖ్బార్లు పరిచి, నీళ్లలో కాస్త నీలిమందు కలిపి పావు వంతు పోయించాడు. అరగంట ఆగాడు. తర్వాత సగం. మళ్లీ ఆగాడు. తర్వాత నిండా. "తడి ఉన్న చోట చిల్లు ఉండదు సాబ్, నీళ్లు నడుస్తాయి" అన్నాడు. నిజమే, ప్లైవుడ్ తడిసింది కుడి మూల, నీలం చుక్క పుట్టింది ఎడమ మూల. రెండు చోట్ల. ఒకటి పైపు బయటికొచ్చే ట్యాంక్ నిపుల్ దగ్గర, ఇంకొకటి అడుగు అంచున వెంట్రుక మందం పగులు.

పగులు ఎందుకొచ్చిందో కూడా చూపించాడు. ట్యాంకును రెండు ఐరన్ యాంగిల్స్ మీద కూర్చోబెట్టారు. మధ్యలో ఆధారం లేదు. బండి ఎగిరినప్పుడల్లా అడుగు కిందికి వంగింది, యాంగిల్ అంచు కోసింది. నిపుల్‌కు గట్టి పీవీసీ పైపు సూటిగా బిగించారు. బండి వణుకంతా ఆ పైపు మోసుకెళ్లి నిపుల్ మెడ మీద పెట్టింది. కారుతోందని ఎవరో చెక్ నట్‌ను పానాతో ఇంకా బిగించారు, రబ్బరు వాషర్ నలిగి పక్కకు జరిగింది. చిల్లు ఫలితం, కారణం కింద ఉంది. కారణాన్ని అలాగే ఉంచి చిల్లు మూస్తే, పక్కనే ఇంకో చిల్లు పుడుతుంది.

ఆయన చేసిన ఇలాజ్ ఇది. పగులు రెండు కొసల దగ్గర చిన్న రంధ్రాలు వేశాడు, పగులు ఇంకా పాకకుండా. అదే రకం ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలి గన్‌తో కరిగించి పగులులో నింపాడు. అతుకు కాదు, ట్యాంకు ఒంటిలో ఒళ్లు. నిపుల్ విప్పి కొత్త వాషర్ వేసి చేత్తో బిగించి, పానాతో కొంచెమే తిప్పాడు. గట్టి పైపు తీసేసి జానెడు హోస్ పైపు, రెండు క్లిప్పులు పెట్టాడు, వణుకు అక్కడే ఆగిపోయేలా. యాంగిల్స్ మీద నిండు పలక పరిచి, దాని మీద రబ్బరు మ్యాట్, ట్యాంకు చుట్టూ పట్టీలు. గాలి పోయే గొట్టం మూసుకుపోతే అది తెరిచాడు. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు పోసి బండిని మెట్టుగూడ దాకా గుంతల మీద తిప్పి తెచ్చి, రాత్రంతా అఖ్బార్ల మీద ఉంచాడు. తెల్లారి అఖ్బార్ పొడిగా ఉంది. ఆ పొడి అఖ్బారే అసలు సర్టిఫికెట్.

దీనికి ఆయన అడిగింది ఒకటిన్నర రోజు, 2,200 రూపాయలు. మా చాచా కొడుకు మొహం మాడింది. "ఎం-సీల్ అయితే 150తో పోయేది, వీడు లూటీ చేస్తున్నాడు" అన్నాడు నా చెవిలో. అదే బండికి లోపల రంగురంగుల ఎల్ఈడీ లైట్లకు, పాటల డబ్బాకు వేలు పోసినప్పుడు ఆ నోట్లోంచి లూటీ అన్న మాట రాలేదు. బండివాళ్లందరిదీ ఇదే హాల్. కంటికి కనిపించే దానికి బేరం ఉండదు. నీళ్లు ఆపే వాషర్ దగ్గర, నీళ్లు ఆపే చెయ్యి దగ్గర మనకు కంజూసీ గుర్తొస్తుంది. మజ్దూర్ చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమన్న దీన్‌లో పుట్టి, చెమట పట్టకముందే మజ్దూరీ కోస్తాం. ఆ తర్వాత "మంచి మిస్త్రీలు దొరకడం లేదు భాయ్" అని శికాయత్. 150 ఇచ్చేవాడికి 150 పనే దొరుకుతుంది. నిజాయితీగా రోజు అడిగేవాణ్ని చోర్ అని, పది నిమిషాల్లో ముద్ద అద్దేవాణ్ని ఉస్తాద్ అని పిలిచేది మనమే.

"జుగాడ్ గరీబుల అఖల్, దాన్ని తక్కువ చెయ్యొద్దు" అని చదువుకున్న దోస్తులు నాకు పాఠం చెప్తారు. గరీబుల అఖల్ ఏమిటో చూడాలంటే పంక్చర్ షాపు ముందు పావుగంట నిలబడండి. ట్యూబు తీస్తాడు, గాలి కొడతాడు, నీళ్ల తొట్టిలో ముంచుతాడు, బుడగ పుట్టిన చోట గుర్తు పెడతాడు, గీకుతాడు, సొల్యూషన్ పూసి ఆరేదాకా సబర్ చేస్తాడు, ముక్క అతికిస్తాడు, మళ్లీ నీళ్లలో ముంచి చూస్తాడు. అంతటితో ఆగడు, టైరు లోపల వేళ్లతో తడిమి మేకు వెతికి తీస్తాడు. కారణం తీయకుండా ఫలితం మూయడు. నాచారం ఉస్తాద్ ట్యాంకుకు చేసిందీ ఇదే తరీఖా. ఇదే హునర్. జుగాడ్‌ను మెచ్చుకునేవాళ్లు ఆదిలాబాద్ దాటాక రాత్రి రెండింటికి ఖాళీ ట్యాంకుతో నిలబడరు. నిలబడేది గరీబే.

సోషల్ మీడియాలో మనల్ని తిట్టాలంటే "పంక్చర్‌వాలా" అంటారు. ఆ గాలీ విని మన పిల్లలు తల వంచుకుంటారు, మనం కోపంతో వణుకుతాం. ఆ కోపం జాయజ్. కానీ అదే మనం ఇంటికొచ్చిన మిస్త్రీకి గుమ్మం బయటే నీళ్లిస్తే, కొడుకు పానా పట్టుకుంటే ఖాందాన్ ఇజ్జత్ పోయిందని ఏడిస్తే, ఆ గాలీని మనం కూడా ఒప్పుకున్నట్టే కదా?

మా లాలాపేట్ పక్కనే లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్ ఉంది. 1893లో నిజాం రైల్వే కాలంలో పెట్టింది. నడిచే బండిలో నీళ్లు ఎలా మొయ్యాలన్న ఇల్మ్ మనకు పొరుగునే ఉంది. పాత ఐసీఎఫ్ పెట్టెలకు నీళ్ల ట్యాంకులు పైకప్పులో ఉంటాయి, కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు అడుగున వేలాడుతూ ఉంటాయి, పంపుతో నీళ్లు పైకెక్కుతాయి. చెడినా చెడకపోయినా గడువు ప్రకారం పెట్టెను వర్క్‌షాపుకు తెచ్చి విప్పి చూసి పంపడం రైల్వే ఖాయిదా. రైలుకు ఖాయిదా ఉంది, మన ఇంటి ఆడవాళ్లు ఎక్కే బండికి మాత్రం "ఇన్షాఅల్లాహ్ ఏం కాదు" అన్న మాట సరిపోతుందా? ఒంటెను ముందు కట్టెయ్, ఆ తర్వాత తవక్కుల్ చెయ్ అన్న హదీసు చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ చెప్పారు. కారే ట్యాంకుతో బయల్దేరడం తవక్కుల్ కాదు, లాపర్వాయీ.

బండి కిరాయికి తీసుకునేవాళ్లకు నా మాట ఒకటే. బయానా ఇచ్చే ముందు సీట్లు, లైట్లు చూసింది చాలు. ట్యాంకు నిండా నింపించండి, బండిని ఒక చక్కర్ కొట్టించండి, కింద అఖ్బార్ పరిచి ఓ రాత్రి ఉంచమనండి. తడిస్తే, ముద్ద అద్ది తెస్తానంటే ఒప్పుకోకండి. శ్రీనగర్ వైపు వెళ్లేవాళ్లయితే రాత్రి ట్యాంకు, పైపులు ఖాళీ చేసి పడుకోండి. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, ఏ వెల్డింగూ ఆగదు. బండి యజమానులకు ఇంకో మాట. ఆ రోజున్నర ఉస్తాద్‌కు ఇవ్వండి. అడిగినంత ఇవ్వండి, కుర్చీ వేసి చాయ్ ఇవ్వండి, ఎదుట "ఉస్తాద్" అని పిలిచినవాణ్ని వెనక చోర్ అనకండి.

అజ్మీర్ చేరాక దర్గాలో మన్నత్ ఏది మొక్కుకున్నా మీ ఇష్టం. దారిలో మీ అమ్మీ దాహం చంపుకోకుండా చూడటం మాత్రం మన్నత్ కాదు, మీ ఫర్జ్.