కుబూస్ పిండిలో క్రేన్ పని

మనం రోజూ తినే కుబూస్ పొంగేది ఈస్ట్ వల్ల అని చాలామందికి తెలుసు. ఈస్ట్ అంటే సోడా లాంటి పొడి కాదు, ప్రాణమున్న జీవి. ఒంట్లో ఉన్నది ఒకే ఒక్క కణం. తిండి, వెచ్చదనం సరిపోతే సుమారు గంటన్నరకోసారి ఒకటి రెండవుతుంది. తల్లి కణం పక్కన మొగ్గలా పిల్ల కణం వచ్చి, పెరిగి, విడిపోతుంది. ఈ వారం ఆ విడిపోయే ముచ్చట చెప్పుకుందాం. చిన్న జీవి కథే అయినా, చివరికి అది మన ఇళ్ళ దాకా వస్తుంది.

జీవి ఎలా పెరగాలో, ఎలా బతకాలో రాసి ఉండే డీఎన్‌ఏ దారాలను క్రోమోజోములు అంటారు. ఈస్ట్‌లో ఒక సెట్టుకు 16 ఉంటాయి. మనిషి కణంలో 46. కణం విడిపోయే ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక నకలు తయారవుతుంది. అసలు, నకలు కొంతసేపు జతగా కట్టి ఉంటాయి. ఆ తర్వాత కట్లు తెగి, ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. లెక్క తప్పితే ఒక కణానికి ఎక్కువ, ఇంకో కణానికి తక్కువ అవుతాయి.

సైట్‌లో క్రేన్ పని చూసినవాళ్ళకు మిగతాది సులువుగా అర్థమవుతుంది. బరువుకు ఎక్కడపడితే అక్కడ కొక్కెం వేయరు, దానికంటూ ఒక చోటు ఉంటుంది. క్రోమోజోములో ఆ చోటు పేరు సెంట్రోమియర్. దాని మీద ఎన్నో రకాల ప్రొటీన్లు చేరి కొక్కెంలా తయారవుతాయి. కణం రెండు కొసల నుంచి వచ్చే సన్నని తాళ్ళు ఆ కొక్కేలను పట్టి లాగుతాయి. ఈస్ట్‌లో ఒక్కో కొక్కేనికి ఒక్కటే తాడు.

1980లో అమెరికాలో లూయిజ్ క్లార్క్, జాన్ కార్బన్ అనే శాస్త్రవేత్తలు ఈస్ట్ సెంట్రోమియర్‌ను మొదటిసారి విడదీసి చూపించారు. మామూలు డీఎన్‌ఏ చుట్టను ఈస్ట్‌లోకి ఎక్కిస్తే కొన్ని తరాల్లోనే పోయేది. ఈ ముక్కను అతికిస్తే అదే చుట్ట తల్లికీ పిల్లకూ సరిగ్గా అందింది. ఆ ముక్కలో అసలు పనిచేసే భాగం సుమారు 125 డీఎన్‌ఏ అక్షరాలే. అందులో కీలకమైన చోట ఒక్క అక్షరం మారినా పట్టు పోవచ్చు. మనిషి సెంట్రోమియర్ లక్షల అక్షరాల పొడవు ఉంటుంది గానీ, చేసే పని అదే.

సైట్‌లో సిగ్నల్‌మన్ ఉన్నట్టే కణంలోనూ కాపలా ఉంది. రెండు తాళ్ళూ ఒకే వైపు నుంచి తగులుకుంటే బిగువు రాదు. అప్పుడు కణం ఆ కొక్కెం ఊడదీసి మళ్ళీ తగిలిస్తుంది. ఒక్క క్రోమోజోముకు తాడు పడకపోయినా మొత్తం పని ఆపేస్తుంది. ఈ కాపలా జన్యువులను 1991లో ఈస్ట్‌లోనే కనిపెట్టారు. తర్వాత అలాంటివే మనిషిలోనూ దొరికాయి.

మేము ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఇంత కాపలా ఉన్నా అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఒక్కోసారి లెక్క తప్పుతుంది. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువైతే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వస్తుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి ఇలాంటి లెక్క తేడాలే కారణం. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. అంతేగానీ ఆమె తిన్నదాని వల్లో, గ్రహణంలో బయటికి వచ్చినందుకో, ఎవరి దిష్టో తగిలో జరిగేది కాదు.

మనం ఇక్కడ ఉంటాం, ఇంటిదగ్గర ఆమె ఒక్కతే మాటలు పడుతుంది. "ఏం చేశావో, ఏం తిన్నావో" అని అత్తింటివాళ్ళు అంటుంటే, ఫోన్‌లో మనమూ అదే అడిగితే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? గర్భం పోయిందని కబురొస్తే ముందు ఆమె ఒంట్లో ఎలా ఉందో అడగండి. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుడితే గుండె పరీక్ష తప్పకుండా చేయించమనండి, ఆ పిల్లల్లో గుండె లోపాలు ఎక్కువ. మాట, నడక, చదువు కాస్త ఆలస్యంగానైనా నేర్చుకుంటారు, శిక్షణ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. అమ్మానాన్నలిద్దరిదీ ఒకే మాటగా ఉంటే చుట్టుపక్కలవాళ్ళ నోళ్ళు వాటంతట అవే మూతపడతాయి.