ఈ నెల మాట: ఒప్పందం

బాతెల్‌లో శనివారం పొద్దున 7 గంటలకే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూసే మీకు ఈ వాదన కొత్త కాదు: కుర్ర మిడ్‌ఫీల్డర్ మీద అంత డబ్బు పెట్టాలా?

2023 ఆగస్టులో 21 ఏళ్ల మోయిసెస్ కైసెడో కోసం లివర్‌పూల్ సుమారు 11 కోట్ల పౌండ్లు ఇస్తానంది. అతని క్లబ్బు బ్రైటన్ సరేనంది. పదేళ్లు ఆడతాడు, కొనాలని కొందరు అభిమానులు. ఆ డబ్బుతో ముగ్గురు వస్తారని మరికొందరు.

కైసెడో మాత్రం ఒప్పుకోలేదు. చెల్సీతో 8 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాడు. లివర్‌పూల్ 30 ఏళ్ల వతారు ఎండోను చాలా తక్కువ ధరకు తెచ్చుకుంది. 2024 ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. లివర్‌పూల్ 1-0తో గెలిచింది. అయినా ఒక్క ఆటతో 8 ఏళ్ల లెక్క తేలదు.

"ఒప్పుకోవడం", "ఒప్పందం" రెండూ "ఒప్పు" నుంచి వచ్చినవే. ఫిజీకి వెళ్లిన మన పెద్దలు తమ 5 ఏళ్ల ఒప్పందాన్ని "గిర్మిట్" అన్నారు. గడువు తీరక ముందే పని వదిలితే జైలే.

అందుకే ధర గురించి ఎంతైనా వాదించండి. ముందు ఒక్కటి అడగండి: ఆ కుర్రవాడు ఒప్పుకున్నాడా?