క్యాంపస్ దారిపై మొదటి హక్కు నడిచేవాళ్లదే: ఉస్మానియా రోడ్ల కోసం మా ప్రణాళిక

మేము ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం, ఆఫీసుల్లో, హాస్టళ్లలో, మెస్సుల్లో, తోటల్లో పనిచేసేవాళ్లం. మాలో నడిచి వచ్చేవాళ్లున్నారు, సైకిలు తొక్కేవాళ్లున్నారు, బస్సు దిగి వచ్చేవాళ్లున్నారు, బండి మీదో కారులోనో వచ్చేవాళ్లూ ఉన్నారు. క్యాంపస్‌లో వాహనాలు ఎలా నడవాలి, ఎక్కడ ఆగాలి అన్న దాని మీద మా అందరికీ కుదిరిన మాటను ఈ ప్రణాళికగా ప్రకటిస్తున్నాం.

ఉస్మానియా 1918లో మొదలైంది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. అప్పట్లో ఊరి అంచున ఉన్న ఈ నేల చుట్టూ ఇప్పుడు నగరం కమ్ముకుంది. తార్నాక నుంచి విద్యానగర్‌కో అంబర్‌పేటకో పోయేవాళ్లకు క్యాంపస్ గుండా పోతే దగ్గర. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు, క్లాసుకు నడిచే విద్యార్థులు, ఆఫీసుకు ఆలస్యమైందని దూసుకుపోయే కార్లు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఒకే రోడ్డు మీద పోతున్నారు. ఇంతమంది పంచుకునే దారికి ఒక న్యాయం ఉండాలి. ఆ న్యాయం ఏమిటో చెప్పడానికే ఈ పత్రం.

మేము నమ్మేవి

1. దారిలో వరుస ఇది: ముందు నడిచేవాళ్లు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు. తర్వాత సైకిళ్లు. తర్వాత బస్సులు. ఆ తర్వాత టూవీలర్లు, ఆటోలు. చివర కార్లు. అంబులెన్సు, అగ్నిమాపక శకటం ఈ వరుసకు అతీతం. ఎవరికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువో వాళ్లకే దారి ముందు అన్నది ఈ వరుస వెనుక ఉన్న సూత్రం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడుచుకుంటూ పోతున్నవాళ్లు. ఏ వాహనమూ నడపకుండానే ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనైనా ఈ అన్యాయం ఆగాలి.

2. క్యాంపస్‌లో వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. 30లో పోయే బండి సెకనుకు 8 మీటర్లకు పైగా పోతుంది, 60లో పోయేది 16 మీటర్లకు పైగా పోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. చెట్టు చాటు నుంచి ఎవరైనా రోడ్డు మీదికి వస్తే వాళ్లు బతకడం, బతకకపోవడం ఆ తేడాలోనే తేలిపోతుంది. నడిచేవాళ్లూ వాహనాలూ కలిసిపోయే చోట 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగంగా ఉండాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రత అంతర్జాతీయ సదస్సు ప్రకటించింది. మేమూ అదే అంటున్నాం.

3. గేటు లోపల చట్టానికి సెలవు లేదు. జనం హక్కుగా తిరిగే ఏ దారైనా 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. హెల్మెట్, లైసెన్సు, ట్రిపుల్ రైడింగ్ మీద నిషేధం, రాంగ్ రూట్ మీద నిషేధం లోపలా వర్తిస్తాయి. "క్యాంపస్‌లోనే కదా, నాలుగు అడుగుల దూరమే కదా" అన్న మాటను మేము ఒప్పుకోం.

4. నియమం అందరికీ ఒకటే. ప్రొఫెసర్ కారైనా, అధికారి కారైనా, పోలీసు జీపైనా, విద్యార్థి నాయకుడి బండైనా ఫుట్‌పాత్ మీద ఆగితే తప్పు తప్పే. పైవాళ్లకు మినహాయింపులు ఇచ్చి కిందివాళ్లకు చలానాలు రాసే పద్ధతికి మేము వ్యతిరేకం.

5. పార్కింగ్ స్థలం ఊరికే రాదు. ఒక కారు ఆగడానికి సుమారు పన్నెండు చదరపు మీటర్ల నేల కావాలి. అంత చోటులో ఆరు టూవీలర్లు పడతాయి, సైకిళ్లయితే ఇంకా ఎక్కువ. ఆ నేల చెట్టు నీడ కావచ్చు, పిల్లలు కూర్చుని చదువుకునే గట్టు కావచ్చు. కాబట్టి ప్రతి భవనం గుమ్మం ముందు పార్కింగ్ అడిగే హక్కు ఎవరికీ లేదు, ఒక్క వికలాంగులకు తప్ప. వాళ్లకు గుమ్మానికి 30 మీటర్ల లోపే, 3.6 మీటర్ల వెడల్పుతో చోటు కేటాయించాలి. వీల్‌చెయిర్ దించుకుని తిప్పుకోవడానికి ఆ వెడల్పు తప్పనిసరి. ఆ చోటులో "రెండు నిమిషాలే" అని ఇంకొకరు బండి పెట్టడం కూడా తప్పే.

6. మేము ఆపమంటున్నది వాహనాలను, మనుషులను కాదు. మాణికేశ్వర్ నగర్ వంటి చుట్టుపక్కల బస్తీల వాళ్లు క్యాంపస్ గుండా నడిచిపోతారు, పనికి వస్తారు, ఈ చెట్ల కింద సేదతీరుతారు. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం వాళ్లది కూడా. ట్రాఫిక్ తగ్గించే పేరుతో కాలినడకన వచ్చేవాళ్ల ముందు గేటు మూయడాన్ని మేము సమర్థించం.

7. విద్యార్థుల బండ్లను నిషేధించమని మేము అడగడం లేదు. మద్రాసు ఐఐటీలో విద్యార్థులు మోటారు బండ్లు వాడడానికి వీల్లేదు. అక్కడ చాలామంది క్యాంపస్‌లోనే ఉంటారు గనుక అది సాగుతుంది. ఉస్మానియా సంగతి వేరు. ఇక్కడ ఎందరో నగరం నలుమూలల నుంచి రోజూ వచ్చిపోతారు. పగలు క్లాసుకు వచ్చి రాత్రి పార్సిళ్లు అందించే కుర్రాడికి బండే బువ్వ పెడుతుంది. అతని బండిని లాక్కునే నియమం మాకొద్దు. క్యాంపస్‌లో దాన్ని నెమ్మదిగా నడిపించే నియమం కావాలి.

మేము కోరేవి

ముందు రోడ్డును సరిచేయాలి, ఆ తర్వాతే జరిమానా. సూటిగా, వెడల్పుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద 30 అని బోర్డు పాతితే ఎవరూ వినరు. హాస్టళ్ల ముందు, లైబ్రరీ ముందు, ఆర్ట్స్ కాలేజీ ముందు జీబ్రా క్రాసింగ్‌లను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టాలి. అలా కడితే దాటేవాళ్లు రోడ్డులోకి దిగనక్కర్లేదు, బండి తనంతట తనే నెమ్మదిస్తుంది. స్పీడ్ బ్రేకర్లకు తెల్ల చారలు, రాత్రి మెరిసే గుర్తులు ఉండాలి. గుర్తులు లేని బ్రేకర్ టూవీలర్ మీద పోయేవాణ్ణి పడేస్తుంది.

ఫుట్‌పాత్‌లు మధ్యలో తెగకుండా సాగాలి. ప్రతి మలుపులో వాలు ఉండాలి. వీధిదీపాలు కార్లకే కాదు, నడిచే దారికీ వెలుగివ్వాలి. లైబ్రరీ మూసేదాకా చదువుకుని హాస్టల్‌కు నడిచే అమ్మాయికి ఇది సౌకర్యం కాదు, రక్షణ.

పెద్ద పార్కింగ్ స్థలాలను గేట్లకు దగ్గరగా, క్యాంపస్ అంచుల్లో ఏర్పాటు చేయాలి. అక్కడి నుంచి కాలేజీలకు చిన్న ఎలక్ట్రిక్ బస్సులు తిప్పాలి. తార్నాకకు 2017లో మెట్రో వచ్చింది. స్టేషన్ నుంచి కాలేజీల దాకా క్లాసు వేళలకు సరిపడా బస్సు ఉంటే ఎన్నో బండ్లు ఇంట్లోనే ఉండిపోతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. మన అమ్మాయిలకు దాని ఫలం పూర్తిగా దక్కాలంటే బస్సులు గుమ్మాల దాకా, వేళకు రావాలి.

అడ్డదారిగా వచ్చే వాహనాలను రద్దీ వేళల్లో బయటి రోడ్లకు మళ్లించాలి. ఈ పని విశ్వవిద్యాలయం ఒక్కటే చేయలేదు. ట్రాఫిక్ పోలీసులు, నగరపాలక సంస్థ, ఆర్టీసీ కలిసి కూర్చోవాలి. ఆ సమావేశంలో విద్యార్థులకూ కార్మికులకూ చుట్టుపక్కల బస్తీలకూ చోటుండాలి.

శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో చేసిన నిబంధనలు విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలాన్ని ప్రకటించే వీలు ఇచ్చాయి. అలాంటి మండలంలో పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 దాటకూడదు. మా క్లాసు గదుల చుట్టూ అది బోర్డు మీదే కాదు, రోడ్డు మీద కూడా అమలు కావాలి.

జరిమానా వేస్తే రసీదు ఇవ్వాలి. ఆ డబ్బు ఫుట్‌పాత్‌లకూ దీపాలకూ ఖర్చు చేసి, లెక్క నోటీసు బోర్డులో పెట్టాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక కమిటీ ఉండాలి. గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ అన్నలు పెద్ద కారును ఆపినందుకు తిట్లు తినే స్థితి పోవాలి. వాళ్ల మాటకు విశ్వవిద్యాలయం అండగా నిలబడాలి.

మేము మాటిచ్చేవి

అడగడమే కాదు, మేము చేస్తామని చెప్పేవీ ఉన్నాయి.

హెల్మెట్ లేకుండా బండి తీయం. వెనుక కూర్చునేవాళ్లకూ ఇంకో హెల్మెట్ ఉంచుతాం.

సైలెన్సర్ మార్చిన బండిని క్యాంపస్‌లోకి తేము. ర్యాలీ చేస్తే నడిచి చేస్తాం, బండ్లతో చేస్తే హెల్మెట్లతో, హారన్లు లేకుండా చేస్తాం.

నడుస్తున్నవాళ్లు దారి దాటుతుంటే ఆగుతాం, హారన్ కొట్టి తరమం.

ఫుట్‌పాత్ మీద, మలుపులో, హాస్టల్ గేటుకు అడ్డంగా బండి పెట్టం. వేరేవాళ్ల బండి అడ్డంగా ఉంటే టైరు గాలి తీయం, మర్యాదగా చెప్తాం.

దెబ్బ తగిలి ఎవరైనా పడి ఉంటే వీడియో తీయం, ఆసుపత్రికి చేరుస్తాం. సాయం చేసినవాళ్లను వేధించకుండా మోటారు వాహనాల చట్టమే రక్షణ ఇస్తోంది. భయపడాల్సిన పని లేదు.

మా పిలుపు

అధ్యాపకులారా, క్యాంపస్‌లో మీ కారు ఎంత నెమ్మదిగా పోతే మీ విద్యార్థులు అంత త్వరగా నేర్చుకుంటారు. అధికారులారా, మినహాయింపు అడగని మొదటి మనిషి మీరే కండి. అడ్డదారిగా వచ్చే నగరవాసులారా, మీకు ఆదా అయ్యే కొన్ని నిమిషాలు ఇక్కడ నడిచే పిల్లల భద్రత కంటే విలువైనవి కావు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బండి నడిపే నైపుణ్యం వేగంలో కాదు, ఆగడంలో కనబడుతుంది.

ఈ ప్రణాళికలో లోటు ఉంటే చెప్పండి, దిద్దుకుంటాం. ఒప్పుదల అయితే సంతకం చేయండి. అంతకన్నా ముందు, రేపు పొద్దున గేటు దాటగానే వేగం 30కి దించండి.